గోడ మీది మంగతాయారుకి నూటికి నూరు

మంగతాయారు చచ్చిపోయి పదకొండేళ్ళయింది. ఆ రోజు కూడా యథాప్రకారం పొద్దున్నే లేచి, గోంగూర కడిగి, దొండకాయలు చక్రాల్లా తరిగి, పదింటికల్లా కర్రీ పాయింటు తెరిచింది.

చచ్చిపోవడమంటే 'గడప దాటని గోరింట' అనే టీవీ సీరియల్లో లెండి. మొదటి ఎపిసోడ్‌లో పెద్దింటి ఇల్లాలు మహాలక్ష్మమ్మ వేషం ఆవిడది. మంచం మీద పడుకుని, ముగ్గురు కొడుకుల చేతులూ కలిపి, ఏదో చెప్పబోయి చెప్పకుండానే తల వాల్చేసింది. ఒక్క పూట పని. మర్నాటి నుంచి ఆవిడ ఫొటో ఆ ఇంటి హాల్లో, మెట్ల పక్క గోడకెక్కింది. గంధపు దండ, కింద మిణుకుమనే ఎర్ర బల్బు. ఆ ఇంట్లో ఎవరికి ఏడుపొచ్చినా తిన్నగా ఆ ఫొటో దగ్గరికే వచ్చి ఏడుస్తారు. వాళ్ళకి రోజూ ఏడుపొస్తుంది.

అంతకు ముందు మంగతాయారు కాకినాడ చుట్టుపక్కల పద్దెనిమిదేళ్ళు పౌరాణిక నాటకాలాడిన మనిషి. ఆవిడ గొంతు గురించి సర్పవరం వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకసారి మైకు చెడిపోతే కంట్రాక్టరు కంగారుపడలేదట, ఊళ్ళో వాళ్ళే చెవుల్లో దూది పెట్టుకున్నారట. ద్రౌపదిగా ఆవిడ ఒక కేక వేస్తే దుశ్శాసనుడి వేషగాడు చీర వదిలేసి, "తప్పయిపోయిందక్కా" అని తెర వెనక్కి పోయాడని హార్మోనియం వాయించిన ఆవిడ మొగుడు కామేశం ప్రమాణం చేసి చెబుతాడు. అలాంటి గొంతు పదకొండేళ్ళుగా "వంకాయా, బెండకాయా?" అని అడగడానికే పనికొస్తోంది.

ప్రయత్నం చెయ్యలేదా అంటే చేసింది. ఏడాదికి రెండుసార్లు ఆ సీరియల్ ప్రొడక్షన్ మేనేజరు కొండబాబు దగ్గరికి వెళ్ళేది.

"బాబూ, ఏదో చిన్న వేషం. పక్కింటావిడైనా సరే. నాలుగు మాటలుంటే చాలు."

"అలాగెలా కుదురుద్దమ్మా? మీరు పోయారు కదా!"

"మీ సీరియల్లో పోయాను. వేరే దాన్లో బతకనీ బాబూ."

"మా సీరియల్ మొత్తం మీ చావు మీద నడుస్తోందమ్మా. మీరు ఇంకో చానల్లో లేచి కాఫీ తాగితే ఇక్కడ మా కోడళ్ళు ఎవర్ని చూసి ఏడవాలి?"

అదీ వరస. జనం కూడా అలాగే తయారయ్యారు. రైతు బజారులో ఒకావిడ మంగతాయారుని చూసి, మొహాన్ని తేరిపార చూసి, బుట్టలోంచి రెండు చామంతులు తీసి ఆవిడ పాదాల మీద పెట్టి వెళ్ళిపోయింది. సిటీ బస్సులో ఇద్దరు ముసలమ్మలు లేచి సీటిచ్చి, "అక్కడ సుఖంగా ఉన్నావా తల్లీ?" అని అడిగారు. ఏటా సీరియల్ మొదలైన రోజున పక్క వీధి వాళ్ళు ఆవిడ పేరు మీద గారెలు వండి, ఆవిడకే ఓ పళ్ళెం పంపిస్తారు. గారెలు బావుంటాయి. అందుకని కామేశం ఆ విషయంలో పెద్దగా నోరెత్తడు.

ఇలా ఉండగా బుల్లితెర నటీమణుల గౌరవ మండలి వారికి ఒక చిక్కు వచ్చిపడింది.

అంతకు ముందు ఏడాది ఉత్తమ నటి అవార్డు ఆ సీరియల్లోని పెద్దకోడలు సింధూర పాత్రకి ఇచ్చారు. పాత్రకి ఇచ్చారు బాగానే ఉంది, ఆ పాత్రని అప్పటికి ముగ్గురు వేసి ఉన్నారు. మొదటావిడ పెళ్ళి చేసుకుని మానేస్తే సింధూర కారు లోయలో పడింది. మొహానికి కట్లు కట్టారు. కట్లు విప్పితే రెండో ఆవిడ. రెండో ఆవిడ వేరే చానల్‌కి పోతే మళ్ళీ లోయ, మళ్ళీ కట్లు, మూడో ఆవిడ. అవార్డు రోజున ముగ్గురూ వేదికెక్కి ఒకే జ్ఞాపికని మూడు వైపుల నుంచి పట్టుకున్నారు. జ్ఞాపిక ఇత్తడిది కాబట్టి నిలిచింది. ముఖ్య అతిథి కండువా నిలవలేదు.

అందుకని ఈ ఏడు మండలికి కొత్త అధ్యక్షుణ్ణి వేశారు. ఆయన పేరు పరబ్రహ్మశాస్త్రి. జిల్లా విద్యాశాఖాధికారిగా చేసి దిగిపోయిన మనిషి. జీవితంలో ఒక్క సీరియలూ చూసి ఎరగడు కనుక పక్షపాతం ఉండదని ఆయన్ని ఎంచుకున్నారు. మొదటి సమావేశంలోనే ఆయన బల్ల గుద్దాడు.

"నటన బాగున్నదా, బాగులేదా అనునది అభిప్రాయము. అభిప్రాయమున్నచోట తగవుండును. హాజరు అభిప్రాయము కాదు. మొత్తము ఎపిసోడ్లలో డెబ్బయి అయిదు శాతము హాజరున్న నటీమణిని మాత్రమే పరీక్షకు... అనగా పురస్కారమునకు అనుమతించవలెను."

కార్యదర్శి జలంధరరావు గబగబా రాసుకుని, "ఈ సూచన మిక్కిలి శ్లాఘనీయముగా నున్నదని మండలి ఏకగ్రీవముగా భావించినది" అని చదివాడు. మండలిలో మిగతా వాళ్ళు ఇంకా టీ తాగుతున్నారు.

ఇరవై నలుగురు రిటైరైన మాస్టార్లని కుదిర్చి, తలా ఒక టీవీ, తలా ఒక హాజరు పట్టీ ఇచ్చి కూర్చోబెట్టారు. మూడువేల రెండువందల పన్నెండు ఎపిసోడ్లు పంచుకుని చూశారు. తెర మీద మొహం కనబడితే 'హా', కనబడకపోతే 'గై'. మొదటి వారం మాస్టార్లు విసుక్కున్నారు. రెండో వారానికి ఒక లెక్కల మాస్టారు చిన్నకోడలికి అన్యాయం జరుగుతోందని భోజనం మానేశాడు. మూడో వారంలో ఇద్దరు సోషల్ మాస్టార్లు, మహాలక్ష్మమ్మ పోయాక వచ్చిన సవతి అత్తగారి పక్షం, కోడలి పక్షం చీలిపోయి హాజరు పట్టీలతో కొట్టుకున్నారు. అయినా పని మాత్రం పూర్తి చేశారు. చదువు చెప్పినవాళ్ళు కదా.

ఫలితం చూసి మండలి నీరుగారిపోయింది. సింధూరలు ముగ్గురికీ తలా ముప్పయి చిల్లర శాతం. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అవడంతో ఆవిడ పాత్రని నాలుగువందల ఎపిసోడ్లు కాశీకి, అక్కణ్ణుంచి దారి తప్పించి మరో ఐదువందల ఎపిసోడ్లు రామేశ్వరానికీ పంపారు. ఆవిడా ఫెయిలే. విలన్ మరదలికి హాజరు తొంభై దాటింది గానీ, అందులో సగం రోజులు ఆ పాత్ర కోమాలో ఉంది. కట్లు కట్టుకుని మంచం మీద పడుకున్నది ఆవిడ కాదనీ, లైట్లు మోసే అప్పలకొండ అనీ తనిఖీలో బయటపడింది. అప్పలకొండకి మీసాలున్నాయి.

"ప్రాక్సీ!" అన్నాడు శాస్త్రిగారు, కళ్ళెర్రజేసి. "కొట్టివేయుడు."

"అయ్యా," అన్నాడు జలంధరరావు, పట్టీలు తిరగేస్తూ, "ఒక్కరున్నారండి. మూడువేల రెండువందల పన్నెండుకి మూడువేల రెండువందల పన్నెండు. ఒక్క గైర్హాజరు లేదు, ఆలస్యముగా వచ్చిన దాఖలా లేదు. అయితే ఆవిడ... గోడ మీది ఫొటో అండి."

ఒక సభ్యుడు టీ కప్పు కింద పెట్టి, "ఫొటోకి హాజరేమిటండీ? నోరు విప్పలేదు, కదల్లేదు," అన్నాడు.

శాస్త్రిగారు ఆయన్ని పాపం పోనీ అన్నట్టు చూశాడు. "ముప్పయి నాలుగేండ్లు విద్యాశాఖలో ఉన్నాను. తరగతిలో నోరు మెదపక, కదలక, గోడవారన కూర్చున్న బాలికకు మనము హాజరు వేయుట లేదా? నిజమునకు అట్టి బాలికకే సత్ప్రవర్తన బహుమతి ఇచ్చెడివారము."

ఆ సభ్యుడు మళ్ళీ టీ కప్పు అందుకున్నాడు. ఆ విధంగా మంగతాయారు ఆ ఏటి ఉత్తమ నటి అయింది.

ఉత్తరం వచ్చినప్పుడు మంగతాయారు పప్పుచారుకి పోపు పెడుతోంది. కామేశం కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివాడు. పోపు మాడిపోయింది.

"మంగా, నీకు ఉత్తమ నటిట!"

"వెటకారాలాపి అసలు సంగతి చదవండి."

"ఒట్టే! ముద్ర కూడా ఉంది. 'అనితరసాధ్యమైన హాజరునకు' అని రాశారు."

మంగతాయారు గరిటె పట్టుకునే కుర్చీలో కూలబడింది. ఆ మొహంలో సంతోషం మెల్లిగా, వాన మబ్బులాగా కమ్ముకుంది. "అయితే ఇంక వేషం ఇవ్వక ఛస్తారా? ఉత్తమ నటిని పట్టుకుని పోయావు పొమ్మంటారేంటి! ఏవండీ, నాకు ఇత్తడి బొమ్మ అక్కర్లేదు, శాలువా అక్కర్లేదు. కెమెరా ముందు ఒక్కసారి నోరు విప్పితే చాలు. లోపల మాటలు నిలవున్న ఆవకాయలా ఊరిపోతున్నాయండీ."

"అది నాకు తెలీదా? నిద్దట్లో నువ్వు ద్రౌపదివైతే దుశ్శాసనుణ్ణి నేనే కదా," అన్నాడు కామేశం, బుగ్గ తడుముకుంటూ.

మర్నాడు ఇద్దరూ మండలి ఆఫీసుకి వెళ్ళారు. అక్కడ ముందు గుర్తింపు పరీక్ష. సీరియల్ హాల్లోంచి ఫొటో తెప్పించి గోడకి తగిలించి, దాని పక్కనే స్టూలు వేసి మంగతాయారుని కూర్చోబెట్టారు. శాస్త్రిగారు ఒకసారి దాన్నీ, ఒకసారి ఈవిడనీ చూశాడు.

"పోలిక సరిపోవుట లేదు. ఫొటోలో ఉన్నట్లు ఉండుడు."

"ఇలాగే కదండీ ఉన్నాను?"

"మాట్లాడుచున్నారు," అన్నాడు జలంధరరావు, రాసుకుంటూ. "రెప్ప కూడ వేసినారు. రెండు పర్యాయములు."

"బతికున్నదాన్ని, రెప్ప వెయ్యనా బాబూ?"

"అదియే మా ఆందోళన," అన్నాడు శాస్త్రిగారు.

ఎలాగో ఊపిరి బిగపట్టి పాసయింది. అప్పుడు జలంధరరావు అంగీకార పత్రం చదివాడు. అందులో ఏడో నిబంధన ఇలా ఉంది: 'పురస్కార గ్రహీత, ఏ సద్గుణమునకు గాను పురస్కరింపబడినదో, అట్టి నిశ్చలతను, మౌనమును మూడు సంవత్సరముల పాటు తెరపైనను, వేదికపైనను నిలబెట్టుకొనవలెను. ఉల్లంఘించినచో పురస్కారము రద్దగును.'

మంగతాయారు స్టూలు మీంచి లేచింది. "అంటే మూడేళ్ళు నటించకూడదా?"

"ఎవరన్నారు? ధారాళముగా నటింపవచ్చును. ఫొటోగా."

"నోరు విప్పి నటించడానికే కదండీ ఈ అవార్డు కావాలన్నాను!"

"అమ్మా, నోరు విప్పనందుకే గదా ఈ పురస్కారము ఇచ్చుచున్నాము!" శాస్త్రిగారు నిజంగానే నొచ్చుకున్నాడు. "విప్పిన వారందరును హాజరు లేక తప్పినారు."

పక్కనే, ఫొటో పట్టుకొచ్చిన కొండబాబు కూడా ఉన్నాడు. చేతులు నలుపుకుంటూ మంగతాయారు చెవిలో ఊదాడు. "సంతకం పెట్టెయ్యమ్మా. మూడేళ్ళు ఎంతలో పోతాయి? అప్పుడు మీకు మాటలున్న వేషం నాదీ పూచీ. అవార్డు లేకపోతే మట్టుకు నా చేతుల్లో ఏం లేదు, మీరు ఉట్టి చచ్చిపోయినావిడే."

పదకొండేళ్ళు ఉన్నాను, మూడేళ్ళు ఉండలేనా అనుకుంది మంగతాయారు. సంతకం పెట్టింది. అలవాటు కావాలని ఆ రోజు నుంచి కర్రీ పాయింటులో కూరల పేర్లు కూడా కామేశం చేతే చెప్పించింది.

ఈ సంగతి పేపర్లో వచ్చేసరికి పరిశ్రమ అట్టుడికిపోయింది. పెద్ద పెద్ద హీరోయిన్లు వరసగా నిర్మాతల దగ్గరికెళ్ళి, "సార్, నన్ను చంపెయ్యండి" అని బతిమాలడం మొదలెట్టారు. ఒకావిడ తనకి చావు సీనే అక్కర్లేదనీ, తిన్నగా గోడ మీదికి పంపిస్తే చాలనీ రాసిచ్చింది. ఇంకో ఇద్దరు హాల్లో తూర్పు గోడ నాదంటే నాదని జుట్లు పట్టుకున్నారు. మూడు నెలలు తిరక్కుండా సీరియళ్ళలో ఆడవాళ్ళనేవాళ్ళు నేల మీద కనబడ్డం మానేశారు. ఒక సీరియల్లో అయితే ఏడుగురు కోడళ్ళూ, అత్తగారూ, ఆడపడుచూ గోడలెక్కేశారు. మిగిలిన మామగారు ఒక్కడు, అరగంట సేపు అగరొత్తులు పట్టుకుని ఒక ఫొటో దగ్గర్నించి ఇంకో ఫొటో దగ్గరికి తిరుగుతాడు. దానికే జనం ఎగబడ్డారు. "ఇదివరకు చూస్తుంటే తలనొప్పొచ్చేది, ఇప్పుడు ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!" అని ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. మండలి వారు ఉత్తమ దండకి, ఉత్తమ చట్రానికి ఉప పురస్కారాలు కూడా ప్రకటించారు. గంధపు దండా, ప్లాస్టిక్ బంతిపూల దండా ఒకే విభాగంలో పోటీ పడవచ్చునా లేదా అన్న దాని మీద ఉపసంఘం ఇప్పటికీ కూర్చునే ఉంది.

అవార్డు రోజు రానే వచ్చింది. రెండువేల మంది పట్టే హాలు. వేదిక మధ్యలో మనిషెత్తు టేకు చట్రం నిలబెట్టి, దాన్లో పట్టుచీర కట్టిన మంగతాయారుని నిలబెట్టారు. కింద ఎర్ర బల్బు. శాలువా కప్పితే ఫొటోలా ఉండదని దండే వేశారు. అగరొత్తుల పొగకి ముక్కు దురద పెడుతున్నా ఆవిడ కదల్లేదు. ముందు వరసలో కామేశం చెమటలు తుడుచుకుంటున్నాడు. ఆ పక్కనే కొండబాబు, ఏదో అపశకునం తోచినట్టు, కుర్చీ అంచున కూర్చున్నాడు.

శాస్త్రిగారు ముప్పావుగంట మాట్లాడాడు. హాజరు వలన కలుగు లాభములు చెప్పాడు. చివర ముఖ్య అతిథి మైకు అందుకుని, చట్రాన్నీ, దండనీ, దీపాన్నీ చూసి, ఆ వాతావరణానికి చలించిపోయి, "అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా కోరుతున్నాను" అన్నాడు.

రెండువేల మందీ లేచారు. హాలంతా చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

మీరు ఒక్కసారి ఆవిడ స్థానంలో నిలబడి చూడండి. పద్దెనిమిదేళ్ళు నాటకాలాడింది. ఏనాడూ జనం నోరు మూసుకున్న పాపాన పోలేదు. వేరుశెనక్కాయలు తినేవాళ్ళు, చుట్టలు వెలిగించేవాళ్ళు, ఈలలేసేవాళ్ళు, చంటిపిల్లల్ని ఏడిపించేవాళ్ళు. ఇప్పుడు ఎదురుగా రెండువేల మంది, దగ్గు కూడా ఆపుకుని, కళ్ళన్నీ తన మీదే నిలిపి ఉన్నారు. చుట్టూ టీవీ కెమెరాలు. ఏ నటి అయినా ఎంతసేపని తట్టుకుంటుంది?

ఒక నిమిషం తట్టుకుంది. రెండో నిమిషంలో చట్రం దాటి ఒక అడుగు ముందుకేసింది.

"పదకొండేళ్ళు!" అంది.

మైకు లేదు. అయినా బాల్కనీలో ఆఖరి వరసలో ఒకాయన కళ్ళజోడు ఊడి కిందపడింది. ఎవరో "అమ్మో, లేచింది!" అని కెవ్వుమన్నారు.

"పదకొండేళ్ళు ఆ గోడ మీంచి అన్నీ చూశాను! మీరందరూ నా ముందుకొచ్చి ఏడ్చారే గానీ, ఏం జరిగిందో చెప్పమ్మా అని ఒక్కరైనా అడిగారా? పాయసంలో విషం కలిపింది చిన్నకోడలు కాదు! పెద్దకోడలి పిన్ని! నా కళ్ళ ముందే కలిపింది, స్పూను నా ఫొటో వెనకాలే దాచింది! వీలునామా పోలేదు, మినప్పప్పు డబ్బాలో ఉంది! ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా ఒక్కరూ గారెలు వండుకోలేదు కాబట్టి దొరకలేదు! గతం మర్చిపోయిన నడిపివాడు ఏమీ మర్చిపోలేదు, హాల్లో ఎవరూ లేనప్పుడు ఫోన్‌లో అన్నీ గుర్తుగానే మాట్లాడతాడు! ఆ కవలలు కవలలు కారు, ఒక్కతే! చీర మార్చుకు వస్తోంది!"

కొండబాబు రెండు చేతులూ జోడించి వేదిక కిందికి పరిగెత్తాడు. "అమ్మా, ఆగమ్మా! అవి ఇంకో ఆరేళ్ళకి దాచుకున్నవమ్మా! మీకు దండం పెడతాను!"

"నువ్వు నా ఫొటోకి దండెయ్యడం తప్ప, నాకెప్పుడు దండం పెట్టావు నాయనా?" అని ఆవిడ రెండో అడుగు వేసింది. మెళ్ళో దండ తెగింది. పన్నెండు నిమిషాల్లో 'గడప దాటని గోరింట'లో విప్పాల్సిన ముడులన్నీ విప్పేసింది. ఆఖరి ముడి విడేసరికి హాలు హాలంతా చప్పట్లతో అదిరింది. మాస్టార్లు ఇరవై నలుగురూ ఒకరినొకరు కౌగిలించుకుని ఏడ్చారు. లెక్కల మాస్టారు, "చిన్నకోడలు నిర్దోషి! నేను ముందే చెప్పాను!" అని కుర్చీ ఎక్కేశాడు.

శాస్త్రిగారు మాత్రం అక్కడికక్కడే లేచి, ఏడో నిబంధన ఉల్లంఘన జరిగినందున పురస్కారం రద్దయినట్టు ప్రకటించాడు. తరవాతి స్థానం ఎవరిదని పట్టీలు వెతికితే, పెరట్లో తులసమ్మ మూడువేల నలభై ఎపిసోడ్లకి హాజరైనట్టు తేలింది. తులసమ్మ ప్లాస్టిక్‌దని ఒక సభ్యుడు అడ్డం చెప్పాడు. స్త్రీయే గదా, వాడిపోని స్త్రీకి మరింత అర్హత గలదని శాస్త్రిగారు కొట్టిపారేశాడు. తులసమ్మకి శాలువా కప్పారు. ఆవిడ ఏ నిబంధనా ఉల్లంఘించలేదు.

మర్నాడు పొద్దున్నే కొండబాబు కర్రీ పాయింటు ముందు నిలబడ్డాడు. కళ్ళు గుంటలు పడ్డాయి.

"ఎంత పని చేశారమ్మా! రేపటికి మా దగ్గర కథ లేదు. చిన్నకోడలు ఏడవనంటోంది. పిన్నిగారి వేషమేసినావిణ్ణి బజారులో కూరగాయలతో కొట్టారు. ఇంక ఆ ఇంట్లో మాట్లాడాల్సింది మీరొక్కరే. వచ్చి ఏదో ఒకటి చెప్పండి."

మంగతాయారు చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "చచ్చినదాన్ని కదా బాబూ?"

"చావలేదని రాసేశాం తల్లీ! గోడ వెనకాల గదిలో ఉండిపోయారని రాశాం!"

"మాటలెన్ని?"

"మీరెన్నంటే అన్ని!"

గోంగూర పొయ్యి మీదే వదిలేసి బయల్దేరింది.

సెట్‌లో డైరెక్టరు నాలుగు పేజీల డైలాగు చేతికిచ్చాడు. ఆవిడ చదివి, మడిచి, జాగ్రత్తగా బొడ్లో దోపుకుంది. "స్టార్ట్" అన్నారు. మంగతాయారు నోరు విప్పింది. నాలుగు పేజీలూ నాలుగు నిమిషాల్లో అయిపోయాయి. ఆవిడ ఆపలేదు. డైరెక్టరు "కట్" అనడానికి రెండుసార్లు నోరు తెరిచి, సందు దొరక్క మూసేశాడు. కోడళ్ళు నిజంగానే ఏడవడం మొదలెట్టారు. కెమెరా అతను మెమరీ కార్డు మార్చాడు, మళ్ళీ మార్చాడు. అప్పలకొండ లైటు స్టాండుకి ఆనుకుని నించునే వింటున్నాడు. ఒంటిగంటన్నర అయింది, భోజనాలొచ్చాయి, సాంబారు చల్లారుతోంది.

డైరెక్టరు మెల్లిగా మునివేళ్ళ మీద నడుచుకుంటూ కామేశం దగ్గరికి వచ్చి చెవిలో అడిగాడు. "సార్, మేడం ఎప్పటికి ఆపుతారండీ?"

కామేశం కాసేపు శ్రద్ధగా విని, వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకున్నాడు.

"పదకొండేళ్ళ మాటలు కదండీ. ఇప్పుడింకా రెండో ఏడు నడుస్తోంది. మీరు సుబ్బరంగా భోంచేసి రండి."